నాకో డౌటు

 



ఈ వారం పాఠం ఒక్క ఇంగ్లీషు మాట గురించి. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అంటున్నారో మీకే తెలీదు. బడిలో సారు పాఠం ఆపి "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అనేవారు. అమీర్‌పేట కోచింగులో జావా నేర్చుకున్నప్పుడు చివరి పావుగంట డౌట్స్ కోసమే. ఇప్పుడు మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో, నానక్‌రామ్‌గూడలోనో ఉద్యోగం చేస్తున్నా, పక్క సీటు మనిషిని కదిలించాలంటే "బ్రదర్, చిన్న డౌటు" అనే మొదలుపెడతారు.

ఇంత తెలిసిన మాటకు పాఠం దేనికి అంటారా? ఈ మాట వల్ల మన పిల్లలు ఉద్యోగాల్లో మాట పడుతున్నారు. ఇంకా ముఖ్యమైనది, ఈ మాటలో కలగాపులగంగా ఉన్నవాటిని విడదీసుకోకపోవడం వల్ల విహారంలో అడగాల్సిన ప్రశ్నలు అడక్కుండా ఇంటికి మోసుకుపోతున్నాం. ముందు ఆఫీసు సంగతి చూద్దాం. ధమ్మం అక్కడి నుంచే వస్తుంది.

మన ఆదివారం పాఠానికి వచ్చే ఒక చెల్లెలు చెప్పిన విషయం ఇది. వాళ్లింట్లో ఆమే మొదటి ఇంజనీరు. అమ్మానాన్నలు కూలికి వెళ్లి చదివించారు. ఉద్యోగంలో చేరిన ఆరో నెలలో అమెరికా క్లయింటుతో కాల్. రాత్రి తొమ్మిదిన్నర. ఆయన ఒక డిజైన్ చూపిస్తున్నాడు. ఆ డేటా ఏ టేబుల్ నుంచి వస్తోందో ఈమెకు అర్థం కాలేదు. ధైర్యం చేసి మైకు ఆన్ చేసి "ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ దిస్ డిజైన్" అంది. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన తన డిజైన్ ఎందుకు సరైనదో పది నిమిషాలు వాదించాడు. ఈమె అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. కాల్ అయ్యాక టీమ్ లీడ్ "క్లయింటు పనిని తప్పుపడతావా?" అని విసుక్కున్నాడు. వెనక ఎవరో నవ్వినట్టు వినిపించింది. "కోటా వాళ్లు ఇంతే" అన్నట్టు కూడా అనిపించింది. నిజంగా అన్నారా, తనకే అలా వినపడిందా, ఈ రోజుకీ తేల్చుకోలేకపోతోంది. ఆ తర్వాత మూడు నెలలు ఏ కాల్‌లోనూ నోరు విప్పలేదు.

చూడండి, ఆ రాత్రి ఒక్క మాట మూడు చోట్ల మూడు రకాలుగా పనిచేసింది. ఆమె అడగబోయింది ప్రశ్న. క్లయింటు చెవికి తగిలింది అపనమ్మకం. ఆమె దగ్గర మిగిలిపోయింది మూడోది. దాని పేరు కాసేపాగి చెబుతాను.

ఇంగ్లండు, అమెరికా వాళ్ల వాడుకలో డౌట్ అంటే నమ్మకం కుదరకపోవడం. "ఐ హ్యావ్ డౌట్స్ అబౌట్ హిమ్" అంటే ఆ మనిషి మీద నాకు నమ్మకం లేదని. తెలియనిది అడగడానికి వాళ్లకు క్వశ్చన్ అనే వేరే మాట ఉంది. మనం ఆ పని కూడా డౌట్‌కే అప్పగించాం. మన సందేహం అనే మాట ఆ రెండు పనులూ చేస్తుంది కదా. "సందేహాలుంటే అడగండి" అంటాం, "అతని నిజాయితీ సందేహమే" అనీ అంటాం. ఆ సందేహాన్ని తెచ్చి డౌట్‌లో పోశాం. హిందీవాళ్లు, తమిళులు కూడా ఇలాగే వాడతారు కాబట్టి మనలో మనకు ఇబ్బంది రాలేదు. దీన్ని తప్పుడు ఇంగ్లీషని సిగ్గుపడక్కర్లేదు. దేశమంతా ఒక అర్థంలో వాడుతున్న మాట ఆ దేశపు వాడుకే. కాకపోతే ఫోను అవతల ఉన్నది మన దేశం మనిషి కానప్పుడు "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి, లేదా "కుడ్ యూ క్లారిఫై" అనండి. అంతే.

దాన్ని క్రియగా వాడితే మాత్రం ఇంతకంటే ప్రమాదం. ఇది కొంచెం నిదానంగా చదవండి. "ఫైలు వాడే మార్చాడని నా డౌటు" అని తెలుగులో అంటే, వాడే మార్చి ఉంటాడని నా అనుకోలు. అదే మనసులో పెట్టుకుని మెయిల్‌లో "ఐ డౌట్ దట్ హి చేంజ్‌డ్ ద ఫైల్" అని రాశారనుకోండి. ఇంగ్లీషువాడు చదివేది, అతను మార్చి ఉండడని. పూర్తిగా తిరగబడింది. మీరు మోపిన నేరాన్ని వాడు కొట్టివేతగా చదివాడు. మీ మనసులో ఉన్నదానికి సరైన ఇంగ్లీషు మాట సస్పెక్ట్. తమాషా ఏమిటంటే, షేక్‌స్పియర్ కాలంలో ఇంగ్లీషువాళ్లు కూడా డౌట్‌ను మన అర్థంలోనే, ఇలా అయి ఉంటుందేమోనన్న అనుమానానికి, వాడేవారు. స్కాట్లాండులో ఇప్పటికీ ఆ వాడుక ఉంది. మన ఇంగ్లీషును వెక్కిరించే మేనేజరుకు చెప్పడానికి పనికొస్తుంది. అలాగని ఆడిట్ మెయిల్‌లో రాయకండి.

ఈ మాట పుట్టుక కూడా ఒకసారి చూడాలి, ఎందుకంటే అక్కడే మన పాళీ కలుస్తుంది. డౌట్ లాటిన్‌లోని దుబితారే నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రెండు అని అర్థమిచ్చే దువోతో దానికి చుట్టరికం. రెంటి మధ్య ఊగడం అన్నమాట. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు స్పెల్లింగులో బి లేదు. లాటిన్ మూలం కనపడాలని తర్వాత పండితులు దాన్ని ఇరికించారు. రాయాలి, పలకకూడదు. పండితుల తీరు ఎక్కడైనా అంతే. మనం మాత్రం డౌటు అని పలికినట్టే రాసుకుంటున్నాం.

ఇప్పుడు పాళీకి వద్దాం. అభిధమ్మ పిటకంలో ధమ్మసంగణి అనే గ్రంథం ఉంది. విచికిచ్ఛ అంటే ఏమిటో చెబుతూ అది వరుసగా ఇచ్చే మాటల్లో ద్వేధాపథ ఒకటి. అంటే రెండుగా చీలిన దారి. లాటిన్‌లోనూ రెండే, పాళీలోనూ రెండే. మన ఊళ్లో దాన్నే రెండు పడవల మీద కాళ్లు అంటారు. ఎక్కడి మనుషులైనా ఈ బాధను రెండు అనే అంకెతోనే గుర్తుపట్టారు.

పాళీలో ప్రశ్నకు మాట వేరు. పఞ్హ. మిలింద రాజు అడుగుతూ పోతే నాగసేన భిక్షువు చెబుతూ పోయిన గ్రంథం మిలింద పఞ్హ. పేరులోనే ప్రశ్న ఉంది. విచికిచ్ఛ అలాంటిది కాదు. మనసుకు అడ్డుపడే ఐదు నీవరణాల్లో అది చివరిది. కోరిక, ద్వేషం, మాంద్యం, కలత, ఆ తర్వాత విచికిచ్ఛ. సామఞ్ఞఫల సుత్తంలో బుద్ధుడు ఈ ఐదింటినీ ఐదు కష్టాలతో పోల్చాడు. అప్పు, జబ్బు, చెరసాల, బానిసత్వం, ఐదోది తిండీ నీళ్లూ దొరకని, దొంగల భయమున్న ఎడారి దారి. డబ్బుతో బయల్దేరిన ప్రయాణికుడు ఆ దారిలో చిక్కుకున్నాడు. ముందుకా, వెనక్కా? ఎటు అడుగేసినా భయమే. విచికిచ్ఛ అంటే ఆ స్థితి.

ఇంకో పోలిక సంగారవుడు అనే బ్రాహ్మణుడికి చెప్పినది. ఎంతో కాలంగా వల్లె వేసిన మంత్రాలు కూడా ఒక్కోసారి గుర్తుకు రావెందుకని అతను బుద్ధుణ్ని అడిగాడు. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లెవరికైనా ఈ బాధ తెలుసు. రాత్రి చదివింది పొద్దున నోటికి రాదు. బుద్ధుడు గిన్నెలో నీళ్ల పోలిక చెప్పాడు. ఒక్కో నీవరణం ఆ నీళ్లను ఒక్కో రకంగా పాడుచేస్తుంది. విచికిచ్ఛ వంతు వచ్చేసరికి నీళ్లు బురదగా కలిగి, పైగా చీకట్లో పెట్టి ఉంటాయి. అందులో ముఖం చూసుకుంటే మీ ముఖమే మీకు కనపడదు.

ఆ చెల్లెలి దగ్గర మిగిలిన మూడోది ఇదే. ఆమెకు పని రాక కాదు. తన ముఖం తనకు కనపడని నీళ్లలో చూసుకుంటోంది. బుద్ధుడు, ధమ్మం, సంఘం, శిక్షణ, వీటి మీద ఊగిసలాటనే గ్రంథాలు ప్రధానంగా విచికిచ్ఛ అంటాయి. మన మీద మనకు కలిగేదాన్ని కూడా అందులో చేర్చడం నా అభిప్రాయం. తరతరాలుగా "నీకెందుకు, నీకు అర్థం కాదు" అని వింటూ వచ్చిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి వరసగా ప్రశ్నలు వేస్తే, ఇంకా అడిగితే తల తెగిపడుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరిస్తాడు. చర్చా సభలో కూర్చునే అర్హత ఉన్న విదుషి పరిస్థితే అది. ఆ సభ గడప కూడా తొక్కనివ్వని మన ముత్తవ్వల సంగతి మీరే ఊహించుకోండి. అటువైపు చూస్తే, రాజగృహంలో మొదటి సంగీతి జరిగినప్పుడు వినయం మీద మహాకస్సపుడు ప్రశ్నలడుగుతుంటే జవాబులు చెప్పింది ఉపాలి. ఉపాలి మంగలి. సంఘంలో అడగడానికీ చెప్పడానికీ పుట్టుక అడ్డు రాలేదు.

మరి విచికిచ్ఛ అంత చెడ్డదైతే, డౌటు రాగానే నోరు మూసుకోవాలా? మన విహారాల్లో చాలామంది పెద్దలు ఇదే పొరపాటు చేస్తున్నారని నాకు అనిపిస్తుంది. పిల్లాడు ఏదైనా అడిగితే "బాబాసాహెబ్ చెప్పాక డౌటేంటిరా" అంటారు. కాలాముల కథ ఇక్కడే కావాలి. అందరికీ తెలిసిన కథే, కానీ మనం సగమే చెప్పుకుంటాం.

కోసల దేశంలో కేసపుత్తం ఒక ఊరు. అక్కడివాళ్లు కాలాములు. ఊరికి వచ్చిన ప్రతి గురువూ తన సిద్ధాంతాన్ని పొగిడి ఎదుటివాడిదాన్ని తిట్టి వెళ్తున్నాడు. ఎవరు నిజం చెబుతున్నారో తెలీడం లేదని వాళ్లు బుద్ధుడితో అన్నారు. బుద్ధుడి మొదటి మాట ఏమిటో గమనించండి. మీకు డౌటు రావడం సహజమే, డౌటు రావాల్సిన చోటే వచ్చింది అన్నాడు. అక్కడ ఆయన వాడిన మాటలు కంఖా, విచికిచ్ఛ. నీవరణమని చెప్పిన ఆ మాటే ఇక్కడ తగినదని అంటున్నాడు! నేను మొదటిసారి పాళీ చూసినప్పుడు ఇది పొరపాటేమో అనుకున్నాను.

పొరపాటు కాదు. తర్వాత ఏం జరిగిందో చూస్తే తెలుస్తుంది. పరంపరగా వస్తోందని, గ్రంథంలో ఉందని, తర్కానికి సరిపోయిందని, మాకు నచ్చిన అభిప్రాయంతో కలిసిందని, ఈయన మా గురువని, ఇలాంటి కారణాలు చాలవని చెప్పాడు. మనం సాధారణంగా ఇక్కడ ఆపేసి చప్పట్లు కొడతాం. "బుద్ధుడు దేన్నీ నమ్మొద్దన్నాడు" అని వాట్సాప్‌లో పెడతాం. కానీ తర్కాన్నీ మన ఇష్టాన్నీ కూడా ఆయన అదే జాబితాలో పెట్టాడని మరిచిపోతాం. ఆ తర్వాత ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు, వాళ్లనే అడగడం మొదలుపెట్టాడు. మనిషిలో లోభం పుడితే అది అతనికి మంచికా, చెడుకా? చెడుకే, అన్నారు వాళ్లు. ద్వేషం? మోహం? లోభంతో ఉన్నవాడు ప్రాణం తీస్తాడా, దొంగతనం చేస్తాడా, అబద్ధమాడతాడా? ఆడతాడు. తెలివైనవాళ్లు దీన్ని మెచ్చుకుంటారా, తప్పుపడతారా? ఒక్కో జవాబూ వాళ్ల నోటి నుంచే వచ్చింది. చివరికి కాలాములు చీలిన దారి దగ్గర నిలబడి లేరు. ఒకవైపు నడిచారు.

అంటే విచికిచ్ఛ కలిగిన క్షణంలో దోషం లేదు. దాన్ని చీకట్లో పెట్టి ఉంచితే అది నీవరణం. వెలుతురులోకి తెచ్చి అడిగితే అది పఞ్హ అవుతుంది. అడిగినదాన్ని పరీక్షించి చూడటాన్ని పాళీలో వీమంసా అంటారు. నాలుగు ఇద్ధిపాదాల్లో, అంటే మనిషిని సాధన వైపు నడిపించే నాలుగు బలాల్లో, అది ఒకటి. తెలుగులో ఆ మాటకు ఏ గతి పట్టిందో చూడండి. "మీమాంసలో పడ్డాను" అంటే ఎటూ తేల్చుకోలేక చతికిలపడ్డానని అర్థం. పరీక్షించే శక్తికి ఉన్న పేరు మన దగ్గరికి వచ్చేసరికి ఊగిసలాటకు పేరైంది. ఇంగ్లీషు డౌట్‌తో మనం చేసింది దీనికి తలకిందులు. ఊగిసలాటకు పెట్టిన పేరును తెచ్చి ప్రశ్నకు పెట్టాం. ఈ ఒక్క విషయంలో మన వాడుకే బుద్ధుడికి దగ్గరగా ఉందని నాకు సంతోషం. మనకు డౌటు అంటే అడిగేది.

అడగని డౌటు ఎంత నష్టం చేస్తుందో ఒక ఉదాహరణ. "బౌద్ధం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందేమో" అనే భయం ఈ ఐటీ కారిడార్‌లో ఎంతమందిని పట్టుకుందో చెప్పలేను. ఇంట్లో బుద్ధుడి విగ్రహం ఉంటుంది, త్రిశరణాలు చదువుతారు, దీక్ష దగ్గరికి వచ్చేసరికి ఏళ్ల తరబడి వాయిదా. ఎవరినీ అడగరు. అడిగితే పిరికివాడు అనుకుంటారని సిగ్గు. జవాబు ఒక్క వాక్యం: పోదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులను చేర్చారు, 1990 చట్టసవరణతో బౌద్ధులను చేర్చారు. అంటే ముప్పై ఏళ్లు దాటిపోయింది. ఒక్క ప్రశ్నతో తేలిపోయేదానికి పదేళ్లు ఎడారి దారిలో నిలబడ్డవాళ్లు మన మధ్యే ఉన్నారు.

అన్ని డౌట్లూ ఇలా ఒక్క వాక్యంతో తీరవు. బుద్ధుడు ప్రశ్నలను నాలుగు రకాలు చేశాడు. సూటిగా చెప్పాల్సినవి. విడదీసి చెప్పాల్సినవి. ఎదురు ప్రశ్న వేసి చెప్పాల్సినవి. పక్కన పెట్టాల్సినవి. సర్టిఫికెట్ ప్రశ్న మొదటి రకం. "అపార్ట్‌మెంటులో వినాయక చవితి చందా అడిగితే ఇవ్వాలా?" అనేది రెండోది. కొండాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఉండే ప్రతి కుటుంబానికీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇది వస్తుంది. గౌరీ, గణపతి వంటి దేవతలను దేవుళ్లుగా భావించను, పూజించను అన్నది 22 ప్రతిజ్ఞల్లో మూడోది. పూజ దగ్గర నిలబడి హారతి పట్టడం దాని కిందికి వస్తుంది. పక్కింటివాళ్లతో కూర్చుని భోజనం చేయడం రాదు. చందా అంటే దేనికిస్తున్నారో చూడాలి. పిల్లల ఆటల పోటీలకా, విగ్రహానికా? విడదీస్తే తప్ప జవాబు లేదు. విడదీయకుండా "ఇస్తే ద్రోహివి" అన్నా, "ఏముందిలే ఇచ్చెయ్" అన్నా రెండూ సోమరి జవాబులే.

పక్కన పెట్టాల్సినవాటికి మాలుంక్యపుత్తుడి కథ మీకు తెలుసు. విషబాణం తగిలినవాడు, కొట్టినవాడి కులం, ఊరు, విల్లు ఏ కర్రతో చేశారో చెప్పేదాకా బాణం తీయనివ్వనంటే ప్రాణం పోతుంది. అయితే ఒక హెచ్చరిక. మనకు జవాబు రాని ప్రశ్నలన్నిటినీ ఈ నాలుగో సంచిలో వేయకూడదు. బుద్ధుడు పక్కన పెట్టింది లోకం శాశ్వతమా కాదా వంటివాటిని. "సంఘం డబ్బుల లెక్క ఏది?" అని అడిగితే "ఇది విషబాణం ప్రశ్న" అంటే కుదరదు.

బాబాసాహెబ్ సంగతికి వద్దాం. ఆయన చెప్పాక డౌటేంటి అనే పెద్దలు ఆయన జీవితం చూడాలి. చిన్నప్పుడు తండ్రి రామాయణ భారతాలు చదివిస్తుంటే, మనల్ని తక్కువ చేసే ఈ పుస్తకాలు ఎందుకు చదివిస్తున్నారని అడిగిన కొడుకు ఆయన. తండ్రి చెప్పిన జవాబు తనకు తృప్తినివ్వలేదని ఆయనే రాసుకున్నారు. 1935 అక్టోబరు 13న యేవలాలో హిందువుగా చావనని ప్రకటించారు. నాగపూర్ దీక్ష 1956 అక్టోబరు 14న. మధ్యలో ఇరవై ఒక్క సంవత్సరాలు. బయటివాళ్లు దాన్ని తేల్చుకోలేకపోవడం అనుకున్నారు. సిక్కు మతాన్ని దగ్గరగా పరిశీలించారు, ఒక్కో మతాన్నీ తూచి చూశారు. అది వీమంసా.

అంతటితో ఆగలేదు. 1957లో, ఆయన పోయిన తర్వాత, 'బుద్ధుడు - ఆయన ధమ్మం' వెలువడింది. దాని పరిచయంలోనే నాలుగు ప్రశ్నలు పెట్టారు. బుద్ధుడు ఇల్లెందుకు విడిచాడు? ఇరవై తొమ్మిదేళ్ల మనిషి అంతవరకు ముసలివాణ్ని, రోగిని, శవాన్ని చూడలేదంటే నమ్మడమెలా? నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధనలోనివేనా? ఆత్మ లేదన్నప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా? భిక్షువు తన పరిపూర్ణత కోసం బతికేవాడా, ప్రజల సేవకుడా? ఇవి ధమ్మానికి బయట నిలబడి వేసిన రాళ్లు కావు. శరణం వెళ్లబోతూ, వెళ్లాలని నిశ్చయించుకుని అడిగినవి. చదివేవాళ్లు కూడా ఆలోచించి ఏదైనా చెబుతారన్న ఆశతోనే వాటిని మన ముందు పెట్టారు. మన విహారాల్లో ఈ పుస్తకానికి దండ వేస్తాం. ఆ నాలుగు ప్రశ్నల మీద ఒక్క ఆదివారమైనా కూర్చున్నామా?

డౌట్‌లో ఇంకొక అర్థం మిగిలింది. మనం ఇతరుల మీద, ఇతరులు మన మీద పెట్టుకునేది. అనుమానం. సంస్కృత తర్కశాస్త్రంలో అనుమానం అంటే పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం. తెలుగులో అది పెనుభూతం. మనకు ఇది బాగా పరిచయమైన భూతం. కొత్తగా చేరిన రోజు భోజనాల బల్ల దగ్గర ఇంటి పేరు అడగడం, చెప్పాక ఏ ఊరు అనడం, ఊరు చెప్పాక ఊళ్లో ఎటువైపు అనడం, ఇదంతా అనుమానం పనే. ఇదే గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని విడిచి వెళ్లాడు. ఆ తర్వాత దేశం చర్చించింది దేన్ని? అతనికి జరిగింది న్యాయమా అన్నదాని కంటే ఎక్కువగా, అతను నిజంగా దళితుడేనా అని. 2024లో కూడా పోలీసుల ముగింపు నివేదిక అతను ఎస్సీ కాదనే రాసింది, నిరసన వచ్చాక ఇంకా దర్యాప్తు చేస్తామన్నారు. తల్లి రాధిక, తమ్ముడు రాజా ఆ 2016 ఏప్రిల్ 14నే ముంబైలో బౌద్ధం స్వీకరించారు. లోకం తమ మీద పెట్టిన అనుమానం తీరేదాకా వాళ్లు ఆగలేదు.

ఇతరుల అనుమానాన్ని మనం ఆపలేం. కానీ అది లోపలికి దిగి మన మీద మనకే విచికిచ్ఛగా మారడం చూసుకోవచ్చు. ఆ చెల్లెలితో కూర్చున్నప్పుడు మేం చేసింది ఇంతే. ఒక కాగితం మీద మూడు గీతలు గీసి, ఆ రాత్రి జరిగినదాన్ని మూడు భాగాలు చేశాం. డేటా ఏ టేబుల్ నుంచి వస్తోంది? ఇది ప్రశ్న. మర్నాడే అడగొచ్చు. వెనక నవ్వింది నన్ను చూసేనా? ఇది అనుమానం. మళ్లీ జరిగితే తేదీతో రాసుకోవాలి, పక్కా అయితే ఫిర్యాదు చేయాలి, పక్కా కానంతవరకు నిద్ర పాడుచేసుకోకూడదు. నేను ఈ ఉద్యోగానికి తగనేమో? ఇది విచికిచ్ఛ. దీన్ని కాలాముల పద్ధతిలో ఎదురు ప్రశ్నలు వేసి చూశాం. ఆరు నెలల్లో ఇచ్చిన పనులెన్ని, పూర్తయినవెన్ని, వెనక్కి వచ్చినవెన్ని? లెక్క ఆమే చెప్పింది. తర్వాతి సోమవారం కాల్‌లో "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అంది. క్లయింటు రెండు నిమిషాల్లో జవాబు చెప్పాడట.

కుసినారలో పరినిర్వాణానికి ముందు బుద్ధుడు భిక్షువులను అడిగాడు. బుద్ధుడి మీద, ధమ్మం మీద, సంఘం మీద, మార్గం మీద ఎవరికైనా డౌటుంటే ఇప్పుడే అడగండి, తర్వాత గురువు ఎదురుగా ఉన్నప్పుడు అడగలేకపోయామే అని బాధపడొద్దు అని. ఎవరూ మాట్లాడలేదు. మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మౌనమే. అప్పుడు ఆయన ఇంకో మాట చెప్పాడు. గురువు మీద గౌరవంతో అడగలేకపోతున్నారేమో, అలాగైతే పక్కనున్న స్నేహితుడికి చెప్పండి, అతను అడుగుతాడు అన్నాడు. ఊపిరి ఆగబోతున్న మనిషి, సిగ్గుపడేవాడి కోసం ఇంకో దారి వెతుకుతున్నాడు.

అందుకే వచ్చే ఆదివారం పాఠానికి మీ అందరికీ ఒక పని. ఒక చిన్న కాగితం మీద మీ డౌటు రాసుకుని రండి. రాసే ముందు అది ప్రశ్నా, అనుమానమా, విచికిచ్ఛా అని మీరే ఒకసారి చూసుకోండి. తేలకపోయినా పర్వాలేదు, అలాగే రాయండి. పిల్లలవీ రాయించండి. పేరు రాయనక్కర్లేదు. గుమ్మం దగ్గర డబ్బా పెడతాం, పక్కనున్నవాళ్ల చేతికిచ్చినా వేస్తారు. మొదటి కాగితం నాదే ఉంటుంది. బాబాసాహెబ్ వేసిన మూడో ప్రశ్న, ఆత్మ లేకుండా పునర్జన్మ ఎలా అన్నది, నాకు ఇంకా పూర్తిగా తేలలేదు.